పుపుస ధమనీ అవరోధంలో స్వల్పకాలిక ప్రమాద అంచనా

కాళ్ళలోని లోతు సిరలలో ఏర్పడిన రక్తపు గడ్డ ఊడి, రక్తప్రవాహంతో పాటు గుండె కుడి భాగానికి చేరి, అక్కడి నుండి ఊపిరితిత్తులకు రక్తాన్ని కొనిపోయే పుపుస ధమనిలో గాని, దాని శాఖలలో గాని ఇరుక్కొనుటను పుపుస ధమనీ అవరోధం అంటారు. వైద్యులు వాడుకలో దీనిని పల్మనరీ ఎంబాలిజం అని పిలుస్తారు. రక్తప్రసరణ వ్యవస్థకు చెందిన వ్యాధులలో గుండెపోటు, పక్షవాతం తరువాత అధిక మరణాలకు కారణమయ్యేది ఇదే. వ్యాధి నిర్ధారణ కాగానే వైద్యుడు సమాధానం చెప్పుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ రోగి పరిస్థితి రాబోయే కొద్ది గంటలలో, కొద్ది రోజులలో విషమించే అవకాశం ఎంత? ఈ ప్రశ్నకు సమాధానంగా రూపొందిన సూచికలను, పరీక్షలను, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. స్వల్పకాలం అన్నప్పుడు సాధారణంగా వ్యాధి నిర్ధారణ అయిన నాటి నుండి 30 రోజులను లెక్కలోకి తీసుకుంటారు.

వెల్స్ సూచిక, జెనీవా సూచిక అనే పేర్లు కూడా ఈ వ్యాధి ప్రస్తావనలో తరచు వినబడతాయి. అవి వ్యాధి ఉన్నదా లేదా అన్న అనుమానాన్ని తూచడానికి వాడేవి. వ్యాధి ఉన్నదని తేలిన తరువాత ప్రమాదాన్ని తూచే సూచికలు వేరు. విద్యార్థులు ఈ రెంటినీ కలిపివేయడం మామూలే కనుక ముందే చెప్పవలసి వచ్చింది.

అంచనా అవసరం

ఒకే పేరు గల ఈ వ్యాధి రోగులలో ఎంతో భిన్నంగా కనిపిస్తుంది. ఒకరు ఛాతీలో కొద్దిపాటి నొప్పితో నడుచుకుంటూ ఆసుపత్రికి వస్తారు. మరొకరు స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోయి, గుండె ఆగిపోయిన స్థితిలో వస్తారు. మొదటివారికి మాత్రలు ఇచ్చి ఇంటికి పంపవచ్చు. రెండవవారికి గడ్డను కరిగించే మందును వెంటనే రక్తనాళంలోకి ఎక్కించాలి. ఈ రెండు కొసలనూ గుర్తించడం కష్టం కాదు. కష్టమంతా మధ్యలో ఉన్నవారితోనే.

ఈ వ్యాధికి చికిత్స చేయకపోతే ఏమవుతుందో 1960లో ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరంలో బారిట్, జోర్డన్ అనే వైద్యులు ప్రచురించిన ప్రయోగం చూపింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులు ఇవ్వని 19 మందిలో ఐదుగురు పుపుస ధమనీ అవరోధంతోనే మరణించారు, మరో ఐదుగురికి అది తిరగబెట్టింది. మందులు ఇచ్చిన 16 మందిలో ఈ వ్యాధితో ఒక్కరూ మరణించలేదు. ఇంత చిన్న ప్రయోగమే తరువాతి అర్ధ శతాబ్దపు చికిత్సకు పునాది అయింది. నాటి నుండి హెపారిన్ వంటి మందులు అందరికీ ఇవ్వవలసినవే అన్న విషయంలో వివాదం లేదు. అంతకు మించిన చికిత్స ఎవరికి కావాలి అన్నదే ప్రశ్న.

ఆ మందులు అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా మరణాలు తక్కువేమీ కాదు. 1999లో గోల్డ్‌హేబర్ బృందం ఏడు దేశాలలోని 52 ఆసుపత్రుల నుండి 2,454 మంది రోగుల వివరాలను సేకరించి ప్రచురించింది. మూడు నెలలలో వారిలో 17.4 శాతం మంది మరణించారు. రక్తపీడనం నిలకడగా లేనివారిలో ఈ సంఖ్య 58 శాతం, నిలకడగా ఉన్నవారిలో 15 శాతం. ఇందులోనే మరొక సంగతి ఉంది. మొత్తం మరణాలలో పుపుస ధమనీ అవరోధం వలన సంభవించినవి సుమారు 45 శాతం మాత్రమే. మిగిలినవారు కాన్సర్ వంటి ఇతర వ్యాధులతో మరణించారు. ఈ సంగతిని గుర్తు పెట్టుకుంటేనే ఇక ముందు వచ్చే సూచికలు ఏమి కొలుస్తున్నాయో అర్థమవుతుంది.

కుడి జఠరిక వైఫల్యం

గుండెలో ఎడమ జఠరిక దళసరి గోడ కలది. దేహమంతటికీ రక్తాన్ని పంపవలసిన భారం దానిది. కుడి జఠరిక పని ఊపిరితిత్తుల వరకే. ఆ మార్గంలో పీడనం ఎంతో తక్కువ కనుక దాని గోడ పలుచగా ఉంటుంది. పుపుస ధమనుల మార్గంలో సుమారు మూడవ వంతు నుండి సగం వరకు హఠాత్తుగా మూసుకుపోయినపుడు ఆ పీడనం పెరగడం మొదలవుతుంది. గడ్డ అడ్డుపడటమే కాక, గడ్డలోని రక్తఫలకాల నుండి వెలువడే సెరటోనిన్, థ్రాంబోక్సేన్ వంటి రసాయనాలు చుట్టుపక్కల రక్తనాళాలను కుదించి అవరోధాన్ని మరింత పెంచుతాయి.

అలవాటు లేని కుడి జఠరిక సగటున 40 మి.మీ. పాదరసాన్ని మించిన పీడనాన్ని హఠాత్తుగా పుట్టించలేదు. అది సాగి ఉబ్బుతుంది. ఉబ్బిన జఠరిక రెండు జఠరికల నడుమ ఉన్న గోడను ఎడమ వైపునకు నెడుతుంది. అసలే ఊపిరితిత్తుల నుండి వచ్చే రక్తం తగ్గిన ఎడమ జఠరికకు ఇప్పుడు నిండే చోటు కూడా తగ్గుతుంది. దేహంలో రక్తపీడనం పడిపోతుంది. దానితో గుండెకే రక్తాన్నిచ్చే హృద్ధమనులలో ప్రవాహం తగ్గి, అప్పటికే శ్రమపడుతున్న కుడి జఠరిక కండరానికి ప్రాణవాయువు అందదు. అది మరింత బలహీనపడుతుంది. ఈ వలయం ఒకసారి మొదలైతే నిమిషాలలో ప్రాణం పోవచ్చు.

కనుక స్కానులో కనిపించే గడ్డ ఎంత పెద్దది అన్నదాని కంటె దానిని ఈ గుండె ఎంత వరకు ఓర్చుకుంటున్నది అన్నది ముఖ్యం. ఆరోగ్యవంతుడైన యువకుడు పెద్ద గడ్డను తట్టుకోవచ్చు. అదివరకే గుండె జబ్బో, ఊపిరితిత్తుల జబ్బో ఉన్న వృద్ధుడు చిన్న గడ్డకే కూలిపోవచ్చు. మరొక చిక్కు కూడా ఉంది. దేహం నాడీవేగాన్ని పెంచి, చేతులు కాళ్ళ రక్తనాళాలను బిగించి రక్తపీడనాన్ని చాలాసేపు కాపాడుతుంది. అందువలన పీడనం పడిపోవడం ఈ కథలో చివరి ఘట్టాలలో ఒకటి. దాని కోసం ఎదురుచూడటం ఆలస్యమే అవుతుంది.

పెసీ సూచిక

పడక దగ్గర దొరికే వివరాలతోనే ప్రమాదాన్ని లెక్కించే సూచికను ద్రాహొమిర్ ఔయెస్కీ బృందం 2005లో ప్రచురించింది. పల్మనరీ ఎంబాలిజం తీవ్రతా సూచికకు ఆంగ్లంలో ఉన్న పేరులోని తొలి అక్షరాలను కలిపి దీనిని పెసీ అంటారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 186 ఆసుపత్రుల నుండి 15,531 మంది రోగుల వివరాల ఆధారంగా దీనిని రూపొందించి సరిచూశారు.

ఇందులో పదకొండు అంశాలు ఉన్నాయి. వయస్సు ఎన్ని సంవత్సరాలైతే అన్ని పాయింట్లు. పురుషుడైతే 10 కలపాలి. పాత వ్యాధులలో కాన్సర్‌కు 30, గుండె వైఫల్యానికి 10, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధికి 10. ఇక పరీక్షించినపుడు కనిపించేవి: నాడి నిమిషానికి 110 లేదా అంతకు మించితే 20, పై రక్తపీడనం 100 కంటె తక్కువైతే 30, శ్వాస నిమిషానికి 30 లేదా అంతకు మించితే 20, దేహ ఉష్ణోగ్రత 36 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువైతే 20, రక్తంలో ప్రాణవాయు సంతృప్తత 90 శాతం కంటె తక్కువైతే 20. మగత, అయోమయం, అపస్మారకం వంటి మానసిక స్థితి మార్పుకు అన్నిటి కంటె ఎక్కువగా 60.

మొత్తం 65 లోపు వస్తే మొదటి తరగతి, 66 నుండి 85 వరకు రెండవది, 86 నుండి 105 వరకు మూడవది, 106 నుండి 125 వరకు నాలుగవది, అంతకు మించితే ఐదవది. మొదటి తరగతిలో 30 రోజుల మరణాలు 1.6 శాతానికి లోపు, రెండవదానిలో 1.7 నుండి 3.5 శాతం. ఐదవ తరగతిలో 10 నుండి 24.5 శాతం వరకు. మొదటి రెండు తరగతులను తక్కువ ప్రమాదంగా పరిగణిస్తారు.

ఈ సూచికకు ఖరీదైన పరీక్ష ఏదీ అవసరం లేదు. ఉష్ణమాపకం, రక్తపీడనం చూసే పరికరం, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు, ఒక గడియారం ఉంటే చాలు. కోవిడ్ కాలంలో ఆక్సీమీటరు ఇళ్ళలోకి కూడా వచ్చింది. చిన్న పట్టణపు ఆసుపత్రిలో కూడా ఈ లెక్క వేయవచ్చు. అయితే వ్యాధి నిర్ధారణకు కావలసిన సి.టి. స్కాను మాత్రం అంత సులభంగా దొరికేది కాదు.

సరళ పెసీ

పదకొండు అంశాలకు వేర్వేరు పాయింట్లు గుర్తుంచుకోవడం అత్యవసర విభాగంలో కష్టం. 2010లో స్పెయిన్ దేశపు వైద్యుడు డేవిడ్ హిమెనెజ్ బృందం దీనిని ఆరు ప్రశ్నలకు కుదించింది. వయస్సు 80 దాటిందా? కాన్సర్ ఉందా? దీర్ఘకాలిక గుండె లేదా ఊపిరితిత్తుల వ్యాధి ఉందా? నాడి 110 లేదా అంతకు మించి ఉందా? పై రక్తపీడనం 100 లోపు ఉందా? ప్రాణవాయు సంతృప్తత 90 శాతం లోపు ఉందా? అవును అన్న ప్రతి జవాబుకు ఒక పాయింటు. సున్నా వస్తే తక్కువ ప్రమాదం. ఒక్కటి వచ్చినా తక్కువ ప్రమాదం కాదు.

వారు పరిశీలించిన రోగులలో సున్నా వచ్చినవారు మూడింట ఒక వంతు కంటె కొద్దిగా తక్కువ. వారిలో 30 రోజుల మరణాలు 1 శాతం. ఒకటి లేదా అంతకు మించి వచ్చినవారిలో 10.9 శాతం. ఈ రెండవ సంఖ్యను తిప్పి చదివితే, ప్రమాదం ఉన్నదని సూచిక చెప్పిన ప్రతి 100 మందిలో 89 మంది నెల తరువాత జీవించే ఉన్నారు. సురక్షితులను ఏరడంలో ఈ సూచిక గట్టిది. ప్రమాదంలో ఉన్నవారిని ఏరడంలో అంత గట్టిది కాదు. రోగి బంధువులకు అంకె చెప్పవలసి వచ్చినపుడు ఈ తేడా తెలిసి చెప్పడం అవసరం.

రెండు సూచికలు విభేదించే చోటు

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 25 సంవత్సరాల యువకుడు, పాత వ్యాధులు ఏవీ లేవు. కాలు విరిగి కట్టు వేయించుకున్న మూడు వారాలకు ఆయాసంతో వచ్చాడు. నాడి 115, పై రక్తపీడనం 95, ప్రాణవాయు సంతృప్తత 93 శాతం, మిగిలినవి మామూలుగా ఉన్నాయి. పెసీ లెక్కలో వయస్సుకు 25, పురుషుడైనందుకు 10, నాడికి 20, పీడనానికి 30, మొత్తం 85. అంటే రెండవ తరగతి, తక్కువ ప్రమాదం! సరళ పెసీలో అతనికి రెండు పాయింట్లు, అంటే తక్కువ ప్రమాదం కాదు. అనుభవం గల వైద్యుడెవరూ ఈ యువకుని ఇంటికి పంపరు. అతని నాడి అంకె పీడనం అంకెను దాటిపోయింది. ఈ రెంటి నిష్పత్తిని షాక్ సూచిక అంటారు. అది ఒకటికి చేరితేనే ఆందోళన పడాలి. ఇతనికి 1.2 దాటింది.

ఇప్పుడు 82 సంవత్సరాల వృద్ధురాలిని తీసుకుందాం. పాత వ్యాధులు లేవు, నాడి, పీడనం, శ్వాస అన్నీ సక్రమంగా ఉన్నాయి. పెసీలో 82, తక్కువ ప్రమాదం. సరళ పెసీలో వయస్సుకు ఒక పాయింటు, కనుక తక్కువ ప్రమాదం కాదు. ఇక్కడ మొదటి సూచికే ఉదారంగా ఉంది.

యువకుని విషయంలో పెసీ ఎందుకు తప్పటడుగు వేసింది? అది ఏ కారణం వలనైనా 30 రోజులలో మరణించే అవకాశాన్ని లెక్కిస్తుంది. అందులో వయస్సుకు, కాన్సర్‌కు పెద్ద బరువు ఉంది. వయస్సు పాయింట్లు తక్కువ కావడంతో యువకుని గుండె ఇస్తున్న హెచ్చరికలు మొత్తంలో మునిగిపోయాయి. కాన్సర్ ముదిరిన రోగి మరో వైపు ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంటాడు, కాని అతని ప్రాణాన్ని తీసేది గడ్డ కాకపోవచ్చు. అతనికి గడ్డను కరిగించే మందు ఇవ్వడం వలన కలిగే మేలు సందేహమే. సూచికలోని అంకె మరణాన్ని చెబుతుంది గాని కారణాన్ని చెప్పదు.

గుండె, రక్త పరీక్షలు

ఈ లోటును పూరించడానికి కుడి జఠరికను నేరుగా చూసే పరీక్షలు చేస్తారు. ఎకో పరీక్షలో కుడి జఠరిక ఉబ్బి ఉన్నదా, దాని గోడ కదలిక తగ్గినదా అన్నది కనిపిస్తుంది. కుడి జఠరిక పక్క గోడ కదలక, కొన మాత్రం కదులుతూ ఉండటాన్ని 1996లో వర్ణించిన వైద్యుని పేరుతో మెకానెల్ చిహ్నం అంటారు. వ్యాధి నిర్ధారణకు తీసిన సి.టి. స్కానులోనే రెండు జఠరికల వెడల్పును పోల్చవచ్చు. కుడిది ఎడమదానిని మించితే కుడి జఠరికపై భారం పడినట్లే.

రక్తంలో ట్రోపోనిన్ పెరగడం గుండె కండరం దెబ్బతిన్నదనడానికి గుర్తు. గుండెపోటును గుర్తించడానికి చేసే పరీక్ష ఇదే. బి.ఎన్.పి. అనే పదార్థం జఠరిక గోడ సాగినపుడు పెరుగుతుంది. రక్తంలో లాక్టేట్ పెరిగితే కణజాలానికి ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. పీడనం ఇంకా నిలిచి ఉన్నా ఇది పెరగవచ్చు.

2014లో ఇటలీకి చెందిన కార్లో బోవా బృందం రక్తపీడనం పడిపోని రోగుల కోసం ప్రత్యేకంగా ఒక సూచికను ప్రతిపాదించింది. పై పీడనం 90 నుండి 100 మధ్య ఉంటే 2, ట్రోపోనిన్ పెరిగితే 2, కుడి జఠరిక బలహీనపడితే 2, నాడి 110 లేదా అంతకు మించితే 1. ఇందులో వయస్సు లేదు, కాన్సర్ లేదు. ఇది పుపుస ధమనీ అవరోధం వలన కలిగే ఉపద్రవాలనే లెక్కిస్తుంది. రెండు పాయింట్ల వరకు మొదటి దశ, 3 లేక 4 అయితే రెండవది, నాలుగు మించితే మూడవది. 30 రోజులలో ఉపద్రవాలు వరుసగా 4.2, 10.8, 29.2 శాతం. పైన చెప్పిన యువకునికి ట్రోపోనిన్ పెరిగి, కుడి జఠరిక ఉబ్బి ఉంటే ఇందులో అత్యధికంగా ఏడు పాయింట్లు వస్తాయి.

నాలుగు శ్రేణులు

యూరోపియన్ హృద్రోగ వైద్యుల సంఘం 2019లో ప్రకటించిన మార్గదర్శకాలు ఈ వివరాలన్నిటినీ కలిపి రోగులను నాలుగు శ్రేణులుగా విభజించాయి. గుండె ఆగినవారు, షాక్‌లో ఉన్నవారు, పై పీడనం 90 లోపునకు గాని, మామూలు కంటె 40 మి.మీ. గాని పడిపోయి 15 నిమిషాలకు పైగా అలాగే ఉన్నవారు అధిక ప్రమాద శ్రేణి. వీరి విషయంలో పాయింట్లు లెక్కిస్తూ కూర్చోనవసరం లేదు. పీడనం నిలకడగా ఉండి, పెసీ మూడు నుండి ఐదవ తరగతి లేదా సరళ పెసీ ఒకటి లేక అంతకు మించి ఉండి, కుడి జఠరిక బలహీనత, ట్రోపోనిన్ పెరుగుదల రెండూ ఉంటే మధ్యస్థ-అధిక శ్రేణి. ఆ రెంటిలో ఒకటే ఉన్నా, రెండూ లేకున్నా మధ్యస్థ-అల్ప శ్రేణి. అన్నీ అనుకూలంగా ఉంటే అల్ప ప్రమాదం. పెసీ తక్కువగా ఉన్నా కుడి జఠరిక బలహీనత గాని, ట్రోపోనిన్ పెరుగుదల గాని కనబడితే ఆ రోగిని మధ్యస్థ శ్రేణిలోనే ఉంచాలని ఆ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి.

గడ్డను కరిగించాలా

అధిక ప్రమాద శ్రేణిలో గడ్డను కరిగించే మందు ఇవ్వాలనడంలో భేదాభిప్రాయం లేదు. 1995లో మెక్సికో వైద్యులు ప్రచురించిన ప్రయోగంలో షాక్‌లో ఉన్న ఎనిమిది మందిలో హెపారిన్ మాత్రమే ఇచ్చిన నలుగురూ మరణించగా, స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చిన నలుగురూ బ్రతికారు. దానితో ప్రయోగం ఆపివేశారు. ఎనిమిది మందితో ఏదీ రుజువు కాదన్నది నిజమే, కాని అటువంటి ప్రయోగం మళ్ళీ చేయడానికి ఎవరి మనస్సు ఒప్పుతుంది?

మధ్యస్థ-అధిక శ్రేణి రోగుల విషయాన్ని తేల్చడానికి వెయ్యి మందికి పైగా రోగులతో చేసిన పెయితో ప్రయోగం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. సగం మందికి టెనెక్టిప్లేజ్, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. హెపారిన్ అందరికీ ఇచ్చారు. ఏడు రోజులలో మరణించినవారు లేదా రక్తప్రసరణ కుప్పకూలినవారు కరిగించే మందు పుచ్చుకున్నవారిలో 2.6 శాతం, తక్కినవారిలో 5.6 శాతం. అంతవరకు చూస్తే మందుదే గెలుపు. కాని మెదడులో రక్తస్రావం మొదటి వర్గంలో 2 శాతం మందికి, రెండవ వర్గంలో 0.2 శాతం మందికి జరిగింది. మరణాలను మాత్రమే పోలిస్తే పెద్ద తేడా కనబడలేదు.

ఈ ఫలితాన్ని బట్టి మధ్యస్థ-అధిక శ్రేణి రోగులకు మొదటే కరిగించే మందు ఇవ్వకుండా, హెపారిన్ ఇస్తూ నాడి, పీడనం నిరంతరం గమనించే చోట ఉంచి, పరిస్థితి దిగజారితే అప్పుడు ఇవ్వడం ఆచారమైంది. ఇక్కడ ప్రమాద అంచనా విలువ మందును నిర్ణయించడంలో కంటె పడకను నిర్ణయించడంలో ఎక్కువ. సాధారణ వార్డులో రాత్రి రెండు గంటలకు పీడనం పడిపోతే తెల్లవారే వరకు ఎవరూ చూడకపోవచ్చు. లెక్క కూడా ఒకసారి వేసి వదిలివేసేది కాదు. మొదటి రెండు మూడు రోజులలో రోగి స్థితి మారిన ప్రతిసారీ మళ్ళీ వేయాలి.

ఇంటి వద్ద చికిత్స

పెసీ సూచిక నిజంగా పనికివచ్చేది మరో కొసన. ఔయెస్కీ బృందమే 2011లో స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, బెల్జియం, అమెరికాలలోని 19 అత్యవసర విభాగాలలో మొదటి రెండు తరగతులకు చెందిన 344 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని 24 గంటలలోగా ఇంటికి పంపింది. 90 రోజులలో ప్రతి వర్గంలోనూ ఒక్కొక్కరే మరణించారు. వ్యాధి తిరగబెట్టినది ఇంటికి వెళ్ళినవారిలో ఒక్కరికే.

నెదర్లాండ్స్ వైద్యులు అదే సంవత్సరంలో పాయింట్లు లేని మరొక పద్ధతిని ప్రచురించారు. గ్రీకుల గృహదేవత పేరున దానికి హెస్టియా అని పేరు. అందులో పదకొండు ప్రశ్నలు ఉన్నాయి. పీడనం నిలకడగా ఉందా, రక్తస్రావం అయ్యే అవకాశం ఉందా, ప్రాణవాయువు పెట్టవలసి ఉందా, మూత్రపిండాలు, కాలేయం పనిచేస్తున్నాయా, గర్భిణియా, మందులు వాడుతుండగానే గడ్డ వచ్చిందా వంటివి. ఆసుపత్రిలో ఉంచడానికి మరే వైద్య కారణం గాని, సామాజిక కారణం గాని ఉందా అన్నది కూడా వాటిలో ఒకటి. 2021లో ప్రచురితమైన హోమ్-పీఈ ప్రయోగంలో హెస్టియాను, సరళ పెసీని పోల్చినపుడు రెండూ సమానంగా సురక్షితమని తేలింది. రెండు పద్ధతులలోను మూడింట ఒక వంతుకు పైగా రోగులు ఇంటి వద్దనే చికిత్స పొందారు.

ఆ సామాజిక కారణం అన్న ప్రశ్న మన వంటి దేశాలలో చిన్నది కాదు. ఇంటికి వెళ్ళిన రోగి నెలల తరబడి రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి మాత్రలు కొనగలడా, వార్ఫరిన్ వాడితే రక్తపరీక్షకు మళ్ళీ మళ్ళీ రాగలడా, రాత్రివేళ ఆయాసం వస్తే ఎంత దూరంలో ఆసుపత్రి ఉంది, తోడు ఎవరున్నారు అన్నవి పెసీలో లేవు. గర్భిణుల విషయంలో ఈ సూచికలు సరిగా పరీక్షింపబడలేదు. గర్భంతో నాడీవేగం సహజంగానే పెరుగుతుంది కనుక వారికి పాయింట్లను ఉన్నవి ఉన్నట్లుగా వర్తింపజేయరాదు.